మాట సివర

నీతో మాటాడినప్పుడు నాకు ఏ బాధా లేదు.
తిన్నావా, వొచ్చావా, తల తడిసిందేటి, తుడుసుకో.
ఆడో మగో అని మన మాట ఆరా తియ్యదు.
ఒరే అనడం మానేసాను,
ఒసే ఇంకా నోటికి రాలేదు,
ఉత్త నువ్వుతోటే లాక్కొస్తన్నాను.

పక్కోళ్లకి నీ గురించి సెప్పినప్పుడే
మాట సివర గొయ్యి ఉంటాది.
పదిహేనేళ్ళు అందులో ఒకటే రాయి ఏసుకొచ్చాను:
వొచ్చినాడు. పడుకున్నాడు. అలిగినాడు.
జీడిపిక్క కొట్టే సెయ్యి
సూడకుండానే కొట్టినట్టు.

కరెంటు పోయిన రేత్రి సెప్పావు.
సీకటి కాబట్టి సెప్పగలిగావో,
సీకటి కోసమే కాసుకుని ఉన్నావో.
"అమ్మా, నాను కొడుకుని కాదు."
నాను విసనకర్ర ఆపలేదు.
మంచి తల్లినై కాదు,
ఆపితే తరవాత ఏటి సెయ్యాలో తెలక.

తెల్లారి నిన్ను సెయ్యి పట్టి లాక్కెళ్ళాను
కాశీబుగ్గ బస్టాండు ఎదర సెలూనుకి.
"మిలిట్రీ కటింగు" అన్నాను, బజారు ఇనేలాగ.
అద్దంలో నువ్వు నన్ను సూడలేదు,
నేల మీద పడ్డ జుత్తునే సూసావు.
దానికి నీకింకా లెక్క సెప్పుకోలేదు.
ఇది ఆ లెక్కే అనుకో.

ఎక్కడ మారేనంటే, రేషను డిపో కాడ.
జీడిసొన తినేసిన వేళ్ళు నావి.
మిషను మీద పెట్టాను. ఎర్రలైటు.
కడుక్కొచ్చి పెట్టాను, కొబ్బరినూని రాసి పెట్టాను. ఎర్రలైటు.
"ఈమె ఈమె కాదంటంది" అన్నాడు డిపో గుంటడు నవ్వుతా.
ఎనకాల క్యూ కూడా నవ్వింది.
నాను కాకపోతే మరెవులు?
నలభయ్యేళ్ళుగా ఈ ఒంట్లో కాపరమున్నది ఎవులు?

ఖాళీ సంచీతో రైలు గేటు కాడ ఆగేను.
గూడ్సు బండి. పెట్టె ఎనక పెట్టె, పెట్టె ఎనక పెట్టె.
అది పోయిందాకా నీ మాటే తలుసుకున్నాను.
బళ్ళో హాజరు పిలిసిన ప్రెతిసారీ
నీకు ఎర్రలైటే కదా.

ఆ రేత్రి నుంచి నా నాలికని బళ్ళో ఏసాను.
పప్పు మీద తొక్క తీస్తా లోలోపల వల్లించాను:
వొచ్చింది. పడుకుంది. అలిగింది.
జారిపోయిన రోజు నువ్వు ఏటీ అనవు,
కంచంలో ఒక మెతుకు పక్కకి జరుపుతావు, అంతే.
ఒక్కో రోజు కంచం అంచు నిండా మెతుకులే.

మీ నాన్న మాట సివర మింగేస్తాడు.
"హరిణి ఇంకా..." అని ఆగిపోతాడు.
కానీ పేరు పలికేడు,
నువ్వు లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో
పదకొండు సార్లు రాసుకున్న పేరు.
మొన్న సంతకెళ్ళొచ్చి రెండు జడక్లిప్పులు టీవీ మీద పెట్టి
"ఎవులో ఆటోలో మర్సిపోనారు" అన్నాడు.
వాటికి రేటు కాయితం ఇంకా అంటుకునే ఉంది.

నిన్న దమయంతి గుమ్మంలో నిలబడి
మందస కాడ ఒకాయన తాయెత్తు కడతాడంది,
"మీ గుంటడికి గాలి సోకింది గావాల" అంది.
సేట నా ఒళ్ళోంచి జారిపోయింది.
"గుంటడెవుడే? అది నా కూతురు.
టెన్తు రాస్తంది, సైకిలు తొక్కుతాది,
నిన్ను సూస్తే నమస్కారం కూడా పెడతాది.
నీ సొమ్ము తిందా? ఎల్లు, బేగి ఎల్లు."

ఈదంతా ఇంది.
ఊపిరి తిప్పుకున్నాక తెలిసింది,
ఒక్క సివరా తప్పలేదు.
నాకంటే ముందు నా కోపం నేర్సుకుంది.

తలుపు ఎనకాల నువ్వు
నవ్వుతన్నావో ఏడుస్తన్నావో,
సెవి మీద మీ నాన్న క్లిప్పు.
"అన్నీ సరిగ్గా అన్నావమ్మా."
ఏటి సరిగ్గా?
రేపు తూకం ఎయ్యాల్సిన పప్పు మట్టిపాలయ్యింది,
షేటు డబ్బులు కోసేస్తాడు.
గోడకి అలాగ ఆనుకుని సూస్తావేటి,
ఇటు రావే, యేరుదాం.